వెచ్చటి పేపరు

"ఇంట్లో ఒక్క పేపరు మిగల్లేదు. ఆఖరికి గుడ్లకి చుట్టి పెట్టినవి కూడా విప్పేసింది మీ అక్క," అంది ఓతిలియా.

లిబార్దో అద్దం ముందు నిలబడి టై కట్టుకుంటున్నాడు. వంటింట్లోంచి కాగితం మడతపెడుతున్న చప్పుడు వస్తోంది. కాసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది.

"పోనీలే. చేతులకి ఏదో ఒక పని ఉండటం మంచిదేగా."

"మంచిదా? ఒక్కసారి వెళ్ళి చూడండి. మడిచినదాన్ని ఒంటి మీది ఉన్ని రువానా లోపల పొట్టకి ఆనించి పెట్టుకుంటోంది. కాసేపయ్యాక తీసి, వెచ్చబడిందో లేదో చెంపకి ఆనించి చూసుకుంటోంది. ఎవరికి వదినా ఇదంతా అంటే, కొండ దిగేవాడికి అంటోంది. ఇంకా ఏ కొండ దిగుతాడండీ వాడు?"

లిబార్దో టై ముడి బిగించాడు. నచ్చలేదు. మళ్ళీ విప్పాడు.

యెసీద్‌ని మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం నుంచి వాడి తల్లి, లిబార్దో అక్క ఇస్మేనియా ఈ ఇంట్లోనే ఉంది. తన ఇంటికి వెళ్ళనంటుంది. అక్కడ గోడకి కొడుకు పాత సైకిలు చక్రాలు వేలాడుతున్నాయట, వాటిని చూడలేనంటోంది. ఇక్కడ మాత్రం ఏం చూస్తోంది కనుక? ముందు పెట్టిన బెల్లం నీళ్ళు చల్లారిపోతాయి. మొక్కజొన్న రొట్టె గట్టిపడిపోతుంది. రోజూ సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చి, పోయినవాడి ఆత్మ కోసం ప్రార్థన చేసి వెళ్తున్నారు. ఇవాళ తొమ్మిదో రోజు, ఆఖరిది. ముందు గదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద యెసీద్ ఫోటో పెట్టారు. సైకిలు మీద కూర్చుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ప్రార్థన కాగానే ఆ గుడ్డ తీసేస్తారు.

"ఇవాళ చెప్తానన్నారు," అంది ఓతిలియా.

"చెప్తాను."

"నిన్నా ఇదే మాట. మొన్నా ఇదే మాట."

"ఈ ప్రార్థనొకటి కానివ్వు."

"ప్రార్థన అయ్యేదాకా ఆవిడ ఉండొద్దూ? నా కొడుకుని చంపింది నా చెయ్యే అని ఆ కుడిచేతిని చూసుకుంటూ కూర్చుంటోంది. నిన్న పొయ్యి దగ్గర ఏం చేసిందో చెప్పాగా మీకు. మంట మీద పెట్టేసింది చెయ్యి. నేను లాగకపోతే ఏమయ్యేది? ఆ చెయ్యికి గుడ్డ కట్టింది నేను. మీరేమో టై కట్టుకుంటున్నారు."

సైకిలు తొక్కేవాళ్ళున్న ఇళ్ళల్లో పేపరు సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. పారమో కొండ ఎక్కేసరికి ఒళ్ళంతా చెమటతో తడిసి ముద్దవుతుంది. శిఖరం దాటగానే మంచు, ఈదురుగాలి, ఒకటే దిగుడు. చొక్కా లోపల గుండెకి అడ్డంగా ఒక పేపరు దోపుకోకపోతే కిందికి చేరేసరికి మనిషి కొయ్యబారిపోతాడు. అందుకే శిఖరానికి కాస్త ఇవతల, ఎక్కుడు నిటారుగా ఉండి ఎంతటివాడైనా నడక వేగంతో వచ్చేచోట, తల్లులూ అక్కచెల్లెళ్ళూ పేపర్లు పట్టుకుని నిలబడతారు. అక్కడైతే తీరిగ్గా అందుకోవచ్చు, తీరిగ్గా దోపుకోవచ్చు. పడినా మోకాలు గీరుకుంటుంది, అంతే.

ఇస్మేనియా అక్కడ మొదట నిలబడింది తమ్ముడి కోసం. లిబార్దో వారమంతా ఇటుక బట్టీలో మోతపని చేసి, ఆదివారాలు అరువు సైకిలు మీద పందేలు తొక్కే రోజులవి. అందరూ పేపరు ఇచ్చేవాళ్ళు. ఇస్మేనియా వెచ్చటి పేపరు ఇచ్చేది. పొద్దున్నించీ రువానా లోపల పొట్టకి ఆనించి ఉంచి, తమ్ముడి టోపీ మలుపులో కనబడగానే తీసేది. ఆ వెచ్చదనం గుండె మీద పడగానే లిబార్దో ప్రాణం లేచొచ్చేది.

అతను పెద్ద పందేలేవీ గెలవలేదు. జీతమిచ్చి తొక్కించుకునే జట్లేవీ అతన్ని పిలవలేదు. కానీ దిగుడులో అతన్ని పట్టుకోగలిగినవాడు బొయకా సీమ మొత్తంలో లేడు. మోకాలు పాడయ్యాక విజిల్ మెడలో వేసుకుని బట్టీ పిల్లలకి నేర్పాడు. ఆ పిల్లల్లో ఒకడు అక్క కొడుకు యెసీద్. తర్వాత లిబార్దో సైకిల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, ఆ తర్వాత ప్రెసిడెంటు. ఇప్పుడు మా సుయాగా ఊళ్ళో అతన్ని ఉత్త పేరుతో పిలిచేది అక్క ఒక్కతే.

"సైకిలు మీద ఉన్నన్నాళ్ళూ మీరు మనిషి," అంది ఓతిలియా. "విజిల్ వేసుకున్నప్పుడూ మనిషే. పిల్లలకి జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేవారు. ఈ టై మెడకి చుట్టుకున్నాకే ఏదో అయింది."

"మధ్యలో టై ఏం చేసిందే నిన్ను?"

"జనాన్ని ఆపే తాడు జరిపించింది. ఈ గుమ్మంలో నిలబడే కదా మీ కార్యదర్శి ప్లినియోతో చెప్పారు? నేను లోపల చాక్లెట్ పాలు చిలుకుతున్నాను. 'శిఖరం మీది పందెం గీతకి ముందు ఒక్క మనిషి ఉండకూడదు, జనాన్నంతా కొండ మీది గుడి మలుపు అవతలికి పంపెయ్యండి, తాడు అక్కడ కట్టండి' అన్నారు. ఈ చెవులతో విన్నాను."

"పోయినేడు ఏమైందో నువ్వూ చూశావు. జనం మీద పడిపోయి తొక్కే కుర్రాళ్ళని గీత దగ్గర కింద పడేశారు. ఈసారి గవర్నరు వస్తున్నాడు, టెలివిజన్ వాళ్ళు వస్తున్నారని గీత ముందు ఖాళీగా ఉండాలనుకున్నాను. నేనేమైనా చెడు తలపెట్టానా?"

"చెడు తలపెట్టారని ఎవరన్నారు? జనాన్ని అవతలికి తోసేస్తే పేపర్లు ఎక్కడ ఇస్తారూ అని ఒక్క నిమిషం ఆలోచించారా?"

లిబార్దో టై కొసలు సరిచేసుకున్నాడు.

"అదే అడుగుతున్నాను. ఊళ్ళో ఇంకెవరైనా అయితే తెలీదనుకుంటాను. జీవితమంతా ఆ కొండ మీద ఆ పేపరు అందుకున్న మనిషి మీరు. ఆలోచించారా?"

"మర్చిపోయాను," అన్నాడు.

ఈ తొమ్మిది రోజుల్లో ఆ మాట అతను పైకి అనడం ఇదే మొదటిసారి. ఓతిలియా కోపమంతా ఏదో పెద్ద కారణం కోసం కాచుకుని ఉంది. ఇంత చిన్న కారణం వింటానని అనుకోలేదు.

"మర్చిపోయారా?"

"ఔను. ఆ రోజు పొద్దున కూడా గుర్తురాలేదు. వాడు పడ్డాడని చెప్పాక, వెళ్ళి చూస్తే, పేపరు సగం చొక్కాలో, సగం బయట..."

ఓతిలియా కొక్కేనికున్న శాలువా తీసి భుజాన వేసుకుంది.

"ఫాదర్ దగ్గర కొవ్వొత్తులు తేవాలి. నేను వచ్చేలోగా చెప్పండి. ఇన్నాళ్ళూ నేనెందుకు ఊరుకున్నానంటే, నేను చెప్తే పెళ్ళాం మొగుడి మీద చాడీ చెప్పినట్టుంటుంది. మీ నోట వింటేనే ఆవిడకి ఆ చెయ్యి మీద పగ పోతుంది. వచ్చేసరికి చెప్పలేదో, ఇంక నేనే చెప్తాను."

తలుపు విసురుగా పడింది. ఫోటో ముందున్న దీపం ఒకసారి వణికింది.

*

ఇస్మేనియా పొయ్యి పక్కన పొట్టి పీట మీద కూర్చుని ఉంది. కుడి అరచేతికి గుడ్డ కట్టు. ఎడమచేత్తో పేపరు అంచు ఒడి మీద పెట్టి నొక్కుతోంది. తమ్ముణ్ణి చూసి రువానా లోపలి నుంచి ఒకటి తీసింది.

"రా లిబార్దో. ఇది చూడు. వెచ్చగానే ఉందా?"

లిబార్దో అందుకుని చెంపకి ఆనించుకున్నాడు. "ఉందక్కా."

"అబద్ధం. చల్లారిపోయింది. చిన్నప్పట్నించీ అంతే నువ్వు, నీ మొహంలో నాకు తెలిసిపోతుంది." పేపరు తీసుకుని మళ్ళీ పొట్ట దగ్గర పెట్టుకుంది. "ఒంట్లో వేడి లేదురా నాకు. ఎంతసేపు పెట్టుకున్నా ఎక్కడంలేదు."

"ఏమైనా తింటేగా వేడి ఉండేది? ఒక గుక్క బెల్లం నీళ్ళు తాగు."

"వాడు కొండ ఎక్కేముందు తాగాడా?"

"తాగాడక్కా. నేనే ఇచ్చాను."

"పోనీలే." ఆమె పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది. "తాడు అవతలికి పొమ్మన్నాడు ఆ సిపాయి. అందరితోపాటు నేనూ పోయాను. నాకైనా బుద్ధుండొద్దూ? అక్కడ దిగుడు మొదలైపోయింది. వాడు అప్పటికే జోరు మీదున్నాడు. తల వంచుకుని పోతున్నాడు, నన్ను చూడనే లేదు. నేనే కేకేశాను. యెసీదూ, నాయనా, పేపరు! అన్నాను. వెంటనే చెయ్యి చాచాడు. అందుకున్నాడు కూడా. ఎంత సంతోషమేసిందనుకున్నావు నాకు! పక్కనున్న దానికి చూపించాను, చూడవే అందుకున్నాడు అని."

లిబార్దో పీట ముందు గొంతుక్కూర్చున్నాడు. పాడైన మోకాలు కలుక్కుమంది.

"దిగుడులో హేండిల్ వదలొద్దని నువ్వు వాడికి నేర్పావు కదా?"

"నేర్పాను."

"మరి వాడు నీ మాట దాటేవాడు కాదు. అమ్మ పిలిచింది కాబట్టి వదిలాడు. రెండు చేతులూ వదిలేసి దోపుకుంటున్నాడు..." ఆమె కట్టున్న చేతిని తిప్పి చూసుకుంది.

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అక్కా, ఆ తాడు..."

బయట జీపు హారను మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా.

*

వచ్చింది ప్లినియో, సంఘం కార్యదర్శి. టోపీ చేత్తో పట్టుకుని ముందు గదిలోకి వచ్చాడు. ఫోటో ముందు శిలువ గుర్తు వేసుకుని, ఆ వెంటనే గొంతు తగ్గించాడు.

"ప్రెసిడెంటు గారూ, రేడియో వాళ్ళు కాచుకుని కూర్చున్నారు. వార్తల టైము దగ్గరపడుతోంది."

"నేను రాలేను. ఇవాళ ఆఖరి ప్రార్థన."

"తెలుసండీ. కానీ రాజధాని నుంచి వచ్చిన పెద్దలు రేప్పొద్దున తేల్చేస్తారట. పందెం జరిపినవాళ్ళదే తప్పని తేలిందో, ఇక ఆ కొండ మీద సైకిలు పోదు. సంఘం మూతపడుతుంది. బట్టీ పిల్లలు ఎక్కడ తొక్కుతారండీ? చచ్చినట్టు ఇటుకలు మొయ్యాల్సిందే."

"అయితే ఏం చెయ్యమంటావు?"

ప్లినియో టోపీ అంచుని వేళ్ళతో తిప్పుతూ నీళ్ళు నమిలాడు.

"చూడ్డానికి వచ్చినవాళ్ళ పొరపాటు అంటే సరిపోతుంది. ఎవరో ఒకామె రోడ్డు మీదికొచ్చి చెయ్యి చాచింది... అంతే. పేరు కూడా చెప్పక్కర్లేదు."

"ఆ చెయ్యి ఎవరిదో ఊళ్ళో తెలీనిదెవరికి?"

"తెలిస్తే ఏం? కన్నతల్లిని ఎవరు శిక్షిస్తారు ప్రెసిడెంటు గారూ? కేసుండదు, కోర్టుండదు. ఆవిడైతేనే మంచిది. ఇంకెవరి మీదకొచ్చినా కుటుంబాలు రోడ్డున పడతాయి."

"నోర్ముయ్యి," అన్నాడు లిబార్దో.

అన్నాడు కానీ గట్టిగా అనలేదు. ఈ దారి అతనికి ముందే తట్టింది. మూడు రోజులుగా దాన్ని మనసులో ఓ మూలకి నెట్టి ఉంచాడు. ఇంకొకడి నోట వినేసరికి సిగ్గేసింది.

"నేను చెప్తాను," అన్న మాట వినబడి ఇద్దరూ తిరిగి చూశారు.

ఇస్మేనియా గుమ్మంలో నిలబడి ఉంది. తొమ్మిది రోజుల్లో ఆమె వంటిల్లు దాటి ముందు గదిలోకి రావడం ఇదే. ఫోటో వైపు చూడకుండా ప్లినియో వైపు చూసింది.

"జరిగింది అదేగా? వాడి చేత ఎందుకు చెప్పిస్తావు, నేనే వచ్చి చెప్తాను. వాడికి నా పేరెత్తాలంటే నోరు రాదు."

"అక్కా, నువ్వు లోపలికి వెళ్ళు."

"వెళ్ళను. ఆ పందెం ఆగిపోతే నా కొడుకు ఉత్తినే పోయినట్టవుతుంది. పిల్లలు తొక్కాలి. జీపులో చోటుందా ప్లినియో?"

"అక్కా!" లిబార్దో ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాడు. "తాడు జరిపించింది నేను. విన్నావా? ఆ సిపాయికి చెప్పించింది నేను. నేనే ఆ తాడు మలుపు అవతల కట్టించాను. నీ తప్పు రవ్వంత కూడా లేదు. నువ్వెక్కడ నిలబడాలో నిర్ణయించింది నేను."

ఇస్మేనియా తమ్ముడి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత, ఎవరూ అనుకోని విధంగా, నవ్వింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయేమో, నవ్వితే చిట్లాయి.

"పిచ్చి సన్నాసీ," అంది.

"నిజం అక్కా!"

"చిన్నప్పుడూ ఇంతే వీడు. విను ప్లినియో. దొడ్డి తలుపు వెయ్యకుండా వదిలేసింది నేను. గొర్రెలన్నీ పోయి పక్కవాళ్ళ బంగాళాదుంప చేలో పడ్డాయి. నాన్న బెల్టు తీశాడు. వీడు వేలెడంత లేడు, ముందుకొచ్చి, నేనే నాన్నా వదిలేసింది అన్నాడు. వాతలు తేలేదాకా కొట్టించుకున్నాడు. నా కోసం." ఆమె కట్టున్న చేత్తో అతని చెంప తడిమింది. "మళ్ళీ అదే పని చేస్తున్నావా? నీ మొహంలో నాకు తెలిసిపోతుందని చెప్పలేదూ?"

"ప్లినియో! నువ్వు చెప్పు. నేను నీతో ఏం చెప్పాను? చెప్పు ఆవిడకి!"

ప్లినియో టోపీలోకి చూసుకున్నాడు. టోపీ లోపల చూడ్డానికి ఏముంటుంది?

"ప్రెసిడెంటు గారి మనసు వెన్న, దోన్యా ఇస్మేనియా," అన్నాడు. "అంతకంటే నేనేం చెప్పను?"

ఇస్మేనియా తల ఊపింది. రువానా సర్దుకుంది. జీపు దగ్గరికి నడిచి, ప్లినియో చెయ్యి అందివ్వకుండానే ఎక్కి కూర్చుంది. ఇన్ని రోజులూ కుప్పకూలి ఉన్న మనిషికి ఆ ఓపిక ఎక్కడ్నించి వచ్చిందో! ఒక పని దొరికింది కదా, అందుకేనేమో.

లిబార్దో గుమ్మం దాకా పరిగెత్తాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. జీపు ఇంకా కదల్లేదు, ప్లినియో తాళంతో తంటాలు పడుతున్నాడు. దిగు అక్కా అనొచ్చు. ప్లినియో కాలరు పట్టుకుని నిజం కక్కించొచ్చు. వీధిలో నిలబడి పదిమంది వినేలా అరవొచ్చు. ఇవేవీ అతను చెయ్యలేదు. ఎందుకంటే, చెప్పుకోవడానికి కూడా సిగ్గుచేటు, అక్క నమ్మనందుకు అతనికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. చెప్పానుగా, అనుకున్నాడు. చెప్పాను, నమ్మలేదు. ఆ ఊరట తనలో ఉందని గ్రహించేసరికి జీపు వీధి మలుపు తిరిగిపోయింది.

*

ఓతిలియా కొవ్వొత్తుల కట్టతో వచ్చేసరికి అతను వంటింట్లో అక్క పీట మీద కూర్చుని ఉన్నాడు.

"చెప్పారా?"

"చెప్పాను."

ఆవిడ మొహం ఒక్కసారి వికసించింది. పాపం, సగం శాలువా తీసేసింది కూడా. "ఏమంది? ఏడ్చిందా? ఏడవనివ్వండి, ఏడిస్తే మంచిది. ఏదీ?"

"నమ్మలేదు."

"నమ్మకపోవడమేంటి?"

"తన కోసం అబద్ధమాడుతున్నాననుకుంది. రేడియోకి వెళ్ళింది, ప్లినియోతో. తప్పంతా తనదేనని చెప్తుందట."

ఓతిలియా చేతిలో కొవ్వొత్తులు అలాగే ఉండిపోయాయి.

"మీరు వెళ్ళనిచ్చారు."

"నేను చెప్పాను ఓతిలియా! ఎలా చెప్పమంటావింకా?"

"నమ్మేదాకా చెప్పాలి. కాళ్ళు పట్టుకుని చెప్పాలి. నన్ను పిలిపించాలి, నేను సాక్ష్యం చెప్పేదాన్ని. నేనొచ్చేదాకా ఆపొచ్చుగా!" ఆవిడ కొవ్వొత్తుల కట్టని గట్టు మీద పడేసింది. "ఒకసారి అనేసి చేతులు దులుపుకున్నారు. అదేనా చెప్పడమంటే?"

ఓతిలియా గబగబా వెళ్ళి బీరువా మీదున్న రేడియో తిప్పింది. ఏదో ప్రకటన పాట వచ్చింది, సబ్బుదో పిండిదో. ఆ తర్వాత, రోజూ పందేల వ్యాఖ్యానం చెప్పే గొంతు, ఇవాళ మెల్లగా, యెసీద్ తల్లి మన మధ్యకు వచ్చారని చెప్పింది.

"ఇందులో మాట్లాడాలా?" అంది ఇస్మేనియా. "దగ్గరగానా? సరే."

గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"నేను యెసీద్ అమ్మని. అందరూ తాడు కట్టినవాళ్ళని తిడుతున్నారట. తిట్టొద్దు. సంఘాన్నీ ఏమీ అనొద్దు. వాడిని పిలిచింది నేను, చెయ్యి చాచింది నేను. పందెం ఆపించకండి. ఇంతే చెప్పడానికొచ్చాను."

ఏదో కుర్చీ కిర్రుమంది. అయిపోయిందనుకుంది ఓతిలియా.

"ఇంకొక్క మాట. నా తమ్ముడు ఇందాక ఏమన్నాడో తెలుసా? తాడు తనే జరిపించానన్నాడు. నా బాధ చూడలేక ఈ పాపం తన నెత్తిన వేసుకోబోయాడు. మీరే చెప్పండి. ఆ కొండ మీద నా చేతి పేపరు తీసుకుని పెరిగినవాడు వాడు. పేపర్లు ఎక్కడ ఇస్తారో వాడు మర్చిపోతాడా? ఎవరైనా మర్చిపోతారా? అలాంటి తమ్ముడు నాకున్నాడు. దేవుడు నా కొడుకుని తీసుకెళ్ళాడు, వీణ్ణి నాకు ఉంచాడు. అంతే, ఇంక నేను వెళ్తాను."

లిబార్దో రేడియో వైపు చూడలేదు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. అతని వీపు కుదుపులు ఓతిలియాకి కనబడుతున్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఏడవగా ఆవిడ చూడలేదు. దగ్గరికి వెళ్ళాలనిపించింది, కానీ రేడియో కట్టేసి కొవ్వొత్తులు చేతిలోకి తీసుకుంది.

*

ప్రార్థనకి జనం రావడం మొదలైంది. రోజూ వచ్చేవాళ్ళు సరే, ఇవాళ రేడియో విన్నవాళ్ళంతా వచ్చారు. బట్టీ మేస్త్రీలు, బజారు ఆడవాళ్ళు, చెమట చొక్కాలతోనే సైకిలు పిల్లలు. ముందు గది నిండి, వరండా నిండి, వీధిలోకి పాకారు.

ఎదురింటి ముసలావిడ బ్లాసినా అందర్నీ తోసుకుంటూ వచ్చి లిబార్దో రెండు చేతులూ పట్టుకుంది. మొన్నటిదాకా ఈవిడే, తాడు కట్టినవాడి చేతులు పడిపోవాలని వీధిలో శాపనార్థాలు పెట్టింది.

"దోన్ లిబార్దో, నా తండ్రీ! మా ఇంట్లోనూ ఉన్నారు తమ్ముళ్ళు, దేనికి? చేసిన తప్పు ఒప్పుకోరు. మీరు చెయ్యని తప్పు మీద వేసుకోబోయారట!" అని ఆ చేతులు కళ్ళకద్దుకుంది.

లిబార్దో చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఒక్కొక్కరూ అతని భుజం తట్టి, ఫోటోకి దణ్ణం పెట్టి పక్కకి జరుగుతున్నారు. మూలన ప్లినియో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు అనడానికి లేదు, నిజంగానే ఏడుస్తున్నాడు.

గుమ్మం దగ్గర జనం చీలి దారిచ్చారు. ఇస్మేనియా వచ్చింది. సరాసరి తమ్ముడి దగ్గరికి నడిచి ఎదురుగా నిలబడింది.

"వణుకుతున్నావేంట్రా?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోవడమేంటి, పళ్ళు టకటకలాడుతుంటే." ఆమె రువానా లోపలికి చెయ్యి పెట్టి మడిచిన పేపరు తీసింది. చెంపకి ఆనించి చూసుకుంది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆ మొహంలో కాస్త తృప్తి కనబడింది. "వెచ్చబడింది. ఇందాకట్నించీ నాకూ కాస్త వేడి పుట్టింది."

అతని కోటు గుండీలు తనే విప్పింది. టై పక్కకి జరిపింది. పేపరు గుండె మీద పరిచి, గుండీలు మళ్ళీ పెట్టి, పైనుంచి అరచేత్తో ఒకసారి నొక్కింది. కొండ మీద వందసార్లు ఇచ్చినట్టే ఇచ్చింది. గదిలో ఆడవాళ్ళు బావురుమన్నారు.

"ఇప్పుడు మొదలుపెట్టండమ్మా ప్రార్థన," అంది ఇస్మేనియా.

ఓతిలియా కొవ్వొత్తులు వెలిగించి ఫోటోకి అటూ ఇటూ నిలబెట్టింది. అగ్గిపుల్ల ఊది పారేసి, జనం వైపు తిరిగింది. ఆవిడ కళ్ళలో తడి లేదు.

"ప్రార్థనకి ముందు ఒక్క నిమిషం," అంది. గొంతు పెద్దది చెయ్యకపోయినా వరండా దాకా వినబడింది. "మా ఆయన మీ అందరికీ ఒక మాట చెప్తారట. పూర్తిగా చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డురాకండి. వదినా, నువ్వు కూడా."

గదిలో ఏడుపులు ఆగిపోయాయి. ప్లినియో టోపీ కింద పడింది. ఇస్మేనియా తమ్ముడి మొహంలోకి చూసి, ఏమిటన్నట్టు, నమ్మకంగా చిన్నగా తల ఊపింది.

లిబార్దో నోరు తెరిచాడు. కోటు లోపల పేపరు ఇంకా వెచ్చగానే ఉంది.